పన్నెండు టెన్సులూ వచ్చినా మెయిల్‌లో తప్పులు ఎందుకు వస్తాయి?

మీ ప్రశ్న చదివాను. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివారు, మూడేళ్ళుగా ఆఫీసు ఉద్యోగం చేస్తున్నారు. పన్నెండు టెన్సుల పట్టిక నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అయినా పై అధికారికి ఆరు వాక్యాల మెయిల్ రాస్తే అయిదింటికి ఎర్రగీత పడింది. ఇప్పుడు ప్రతి వాక్యం దగ్గరా టెన్షన్. "ఇంకా ఎన్ని రూల్స్ నేర్చుకోవాలి?" అని అడిగారు.

కొత్త రూల్స్ ఏమీ అక్కర్లేదు. ఇరవై రెండేళ్ళుగా మీలాగే తెలుగులో చదువుకుని ఉద్యోగాల్లో చేరినవాళ్ళకి ఇంగ్లీషు చెబుతున్నాను. మీ మెయిల్‌లో ఉన్న తప్పుల్లో నేను ఇదివరకు చూడనిది ఒక్కటీ లేదు. అన్నీ ఒకే చోటి నుంచి వస్తున్నాయి. మనసులో చక్కటి తెలుగు వాక్యం తయారవుతుంది, దానికి ఇంగ్లీషు మాటలు తొడుగుతున్నారు. కొన్నిచోట్ల అది అతుకుతుంది, కొన్నిచోట్ల అతకదు. ఎక్కడ అతుకుతుందో తెలుసుకుంటే మీ తెలుగే మీకు పనికొస్తుంది. పట్టికలు ఈ సంగతి చెప్పవు.

ముందు మీ మెయిల్ మళ్ళీ ఇక్కడ పెడుతున్నాను:

"ఐ యామ్ వర్కింగ్ ఇన్ దిస్ బ్రాంచ్ సిన్స్ త్రీ ఇయర్స్. ఎస్టర్‌డే ఐ హావ్ చెక్డ్ ది బిల్స్. ది లిస్ట్ ఆఫ్ పెండింగ్ బిల్స్ ఆర్ విత్ ది అకౌంట్స్ సెక్షన్. ది అకౌంట్స్ మేనేజర్ హావ్ టోల్డ్ మి దట్ హి విల్ సెండ్ ఇట్, బట్ హి డిడ్ నాట్ సెంట్. వెన్ హి విల్ సెండ్ ఇట్, ఐ విల్ అప్‌డేట్ యు. ఐ నీడ్ టూ మోర్ డేస్."

మూడో వాక్యంతో మొదలుపెడతాను. మన తెలుగు ఎంత సాయం చేస్తుందో అందులోనే బాగా కనిపిస్తుంది.

"ది లిస్ట్ ఆఫ్ పెండింగ్ బిల్స్ ఆర్" అని రాశారు. "బిల్స్" బహువచనం, దాని పక్కనే క్రియ ఉంది, చెవికి "ఆర్" అనిపించింది. ఇదే తెలుగులో చెప్పండి: "పెండింగ్ బిల్లుల జాబితా అకౌంట్స్ సెక్షన్‌లో ఉంది." "ఉన్నాయి" అంటారా? చిన్నపిల్లలు కూడా అనరు. ఎందుకంటే తెలుగులో అసలు మాట చివర వస్తుంది. బిల్లుల, పెండింగ్ లాంటివన్నీ ముందు వచ్చేసి, జాబితా అనే మాట వాటి చివర, క్రియ వైపు కూర్చుంటుంది. ఇంగ్లీషులో తిరగబడుతుంది. అసలు మాట ముందు వచ్చేస్తుంది, "ఆఫ్" తరవాత ఒక తోక వస్తుంది, ఆ తోక చివరి మాట క్రియకి అడ్డంగా నిలబడుతుంది. మన చెవి ఆ తోకని పట్టుకుంటుంది.

కాబట్టి సబ్జెక్ట్ పొడుగ్గా ఉందంటే దాన్ని ఒకసారి తెలుగులోకి తిప్పండి. తెలుగులో చివర మిగిలే మాట ఏదో అదే ఇంగ్లీషులో క్రియని నడిపేది. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్" అంటే "నా స్నేహితుల్లో ఒకరు". చివర మిగిలింది ఒకరు. అందుకే "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్". "ది క్వాలిటీ ఆఫ్ ది మ్యాంగోస్" అంటే "మామిడిపళ్ళ నాణ్యత". చివర నాణ్యత, కాబట్టి "హాజ్ కమ్ డౌన్", "హావ్" కాదు. "ది టీచర్, అలాంగ్ విత్ ది స్టూడెంట్స్" అంటే "విద్యార్థులతో పాటు టీచర్". చివర టీచర్, కాబట్టి "ఈజ్".

పోటీ పరీక్షల్లో చాలామందిని తికమక పెట్టే "ఎ నంబర్ ఆఫ్", "ది నంబర్ ఆఫ్" జంట కూడా దీంతో తేలిపోతుంది. "ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" అంటే "చాలామంది విద్యార్థులు". చివర విద్యార్థులు, కాబట్టి "ఆర్". "ది నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" అంటే "విద్యార్థుల సంఖ్య". చివర సంఖ్య, కాబట్టి "ఈజ్". గైడ్లలో దీన్ని రెండు వేర్వేరు రూల్స్‌గా ఇచ్చి బట్టీ పట్టిస్తారు. నాకు అది చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే ఆ పిల్లలకి జవాబు అయిదో ఏటికే వచ్చు.

అసలు కర్తని బట్టి క్రియ మారడం అన్నది మనకి కొత్త విద్య కాదు. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తాం, వస్తారు, వస్తాయి: ఏడు తోకలు. కర్త పేరు చెప్పకపోయినా "రేపు వస్తాను" అంటే ఎవరు వస్తారో తెలిసిపోతుంది. ఇంగ్లీషుకి కూడా ఒకప్పుడు ఇలాంటి తోకలు ఉండేవి. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో నేను పాడతాను, నువ్వు పాడతావు, అతను పాడతాడు, మేం పాడతాం అనడానికి క్రియ చివర వేర్వేరుగా పలికేవారు. కాలక్రమంలో అవన్నీ రాలిపోయాయి. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిల్ ఇంగ్లీషులో "హి గివెత్" అని కనిపిస్తుంది. ఆ "ఎత్" స్థానంలోకి ఉత్తర ఇంగ్లండు మాండలికాల నుంచి వచ్చిన "ఎస్" చేరింది. మామూలు క్రియలకి ప్రెజెంట్‌లో ఈరోజు మిగిలింది ఆ ఒక్క "ఎస్" మాత్రమే, అదీ హి, షి, ఇట్ లకి. పాస్ట్‌లో అదీ లేదు. ఐ కేమ్, హి కేమ్, దే కేమ్. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ మాత్రం పాత వైభవాన్ని నిలుపుకున్నాయి. అంటే ఏడు తోకలు తడబడకుండా వాడే మనిషికి ఇంగ్లీషు అడుగుతున్నది ఒక్క తోక. భయపడాల్సినంత లేదు.

మరి నాలుగో వాక్యంలో "మేనేజర్ హావ్ టోల్డ్" ఎలా వచ్చింది? మీకు "హాజ్" తెలియక కాదు. మీ మనసులో "మేనేజర్ గారు చెప్పారు" అని ఉంది. మనం పెద్దవాళ్ళకి ఇచ్చే "రు" మర్యాద కోసం వచ్చిన బహువచనం. ఇంగ్లీషు క్రియకి ఆ మర్యాద లేదు. మా క్లాసులో "మై ఫాదర్ హావ్ కమ్", "సర్ హావ్ టోల్డ్" అనేవాళ్ళు చాలామంది ఉంటారు. "హాజ్" అంటే నాన్నగారిని "వచ్చాడు" అన్నట్టు వాళ్ళకి నాలుక మీద తేడాగా ఉంటుంది. ఒకమ్మాయి ఈ మాట నాతో నేరుగానే చెప్పింది. ఇంగ్లీషులో మర్యాద "సర్" అనడంలో, "వుడ్ యు", "కుడ్ యు" అనడంలో ఉంటుంది. క్రియలో వెతక్కండి. మేనేజర్ ఒక్కరే, కాబట్టి "హాజ్".

తెలుగు మనల్ని తప్పుదారి పట్టించే ఇంకో చోటు వస్తువుల పేర్లు. పొయ్యి మీద పాలు పొంగాయి. కుళాయిలో నీళ్ళు వస్తున్నాయి. చేతిలో డబ్బులు లేవు. నాకు లెక్కలు రావు. టీవీలో వార్తలు వస్తున్నాయి. స్టేషన్లో సామాన్లు పోయాయి. ఇవన్నీ మనకి బహువచనాలు. ఇంగ్లీషులో మిల్క్, వాటర్, మనీ, మ్యాథ్స్, న్యూస్, లగేజ్ అన్నీ ఏకవచనాలే: "ది మిల్క్ హాజ్ బాయిల్డ్ ఓవర్", "ది న్యూస్ ఈజ్ గుడ్". న్యూస్ చివర, మ్యాథ్స్ చివర "ఎస్" ఉంది కదా అని మోసపోకండి. దీనికి ఎదురుగా, కత్తెర ఉంది, కళ్ళజోడు పగిలింది, ప్యాంటు చిరిగింది అని మనం ఏకవచనంలో అంటే, వాళ్ళు "సిజర్స్ ఆర్", "గ్లాసెస్ ఆర్", "ట్రౌజర్స్ ఆర్" అంటారు. రెండు బ్లేడ్లు, రెండు అద్దాలు, రెండు కాళ్ళు అన్నది వాళ్ళ లెక్క. "అందరూ వచ్చారు" మనకి బహువచనం, "ఎవ్రీవన్ హాజ్ కమ్" వాళ్ళకి ఏకవచనం. ఇక్కడ పైన చెప్పిన కిటుకు పని చెయ్యదు, తెలుగు తప్పు దారి చూపిస్తుంది. ఈ పదిపన్నెండు మాటలు మాత్రం గుర్తు పెట్టుకోవాల్సిందే.

టీమ్, గవర్నమెంట్, కమిటీ లాంటివాటి గురించి ఒక్క మాట. క్రికెట్ కామెంటరీలో "ఇండియా నీడ్ ట్వెల్వ్ రన్స్" అని వింటారు, "నీడ్స్" కాదు. బ్రిటిష్ వాడుకలో జట్టుని పదకొండుమందిగా చూసి బహువచనం వాడటం ఉంది. అమెరికాలో "ది టీమ్ ఈజ్" అంటారు. ఆఫీసు మెయిల్‌లో, పరీక్షలో ఏకవచనం వాడండి, ఎవరూ తప్పు పట్టరు. "నెయిదర్, నార్" వస్తే క్రియకి దగ్గరగా ఉన్న మాటని బట్టి వెళ్ళండి. అది పరీక్షల్లో తప్ప మీకు పెద్దగా తగలదు.

ఇప్పుడు టెన్సులు. "హి డిడ్ నాట్ సెంట్" అని రాశారు కదా. ఏళ్ళ తరబడి నేను దీన్ని "డిడ్ తరవాత మొదటి రూపం రాయాలి" అనే చెప్పేవాణ్ణి. పిల్లలు తలూపేవారు, మర్నాడు మళ్ళీ "డిడ్ నాట్ కేమ్" రాసేవారు. ఒకరోజు సాయంత్రం బ్యాచ్‌లో ఒక కుర్రాడు బోర్డు మీద "హి డిడ్ నాట్ కేమ్" అని రాశాడు. నేను సుద్దముక్క తీసుకుని దాని కింద తెలుగులో "అతను వచ్చాడు లేదు" అని రాశాను. క్లాసంతా నవ్వింది. అతను మాత్రం నవ్వలేదు. దాన్ని రెండుసార్లు చదివాడు. "రాలేదు అనాలి కదండీ" అని, అరచేత్తో "కేమ్" తుడిచి "కమ్" అని రాశాడు.

"రాలేదు"ని విడదీసి చూడండి. "రా" దగ్గర కాలం లేదు, మనిషి లేడు. నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్ళు రాలేదు, ఏదీ మారదు. జరగలేదన్న సంగతి అంతా "లేదు" మోస్తోంది. "డిడ్ నాట్ కమ్" సరిగ్గా అలాంటిదే. జరిగిపోయిన కాలాన్ని "డిడ్" తన నెత్తిన వేసుకుంది, కాబట్టి "కమ్" మళ్ళీ మొయ్యక్కర్లేదు. "డజ్" కూడా అంతే. "హి కమ్స్"లోని "ఎస్" లేచి వెళ్ళి "డు"కి అతుక్కుంటుంది: "హి డజ్ నాట్ కమ్". ఉన్నది ఒక్కటే "ఎస్", రెండుచోట్ల ఉండదు. ప్రశ్నలోనూ ఇదే: "డిడ్ యు గో", "డజ్ షి నో".

అయితే మీ వాక్యానికి "డిడ్ నాట్ సెండ్" కంటే "హాజ్ నాట్ సెంట్" బాగా నప్పుతుంది. మీరు చెప్పదలచుకున్నది "ఇంకా పంపలేదు" అని కదా. ఇది చాలామంది చిక్కుకునే చోటు కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

తెలుగులో "తిన్నాను" ఒక్కటే. ఇంగ్లీషులో "ఐ ఏట్", "ఐ హావ్ ఈటెన్" రెండు. బడిలో ఈ తేడా చెప్పడానికి "ఐ హావ్ ఈటెన్" అంటే "నేను తిని ఉన్నాను" అని రాయించేవారు. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. ఎవరూ అనని తెలుగుతో ఇంగ్లీషు ఎలా వస్తుంది? దాని బదులు ఇలా ఆలోచించండి. మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంటికి చుట్టం వస్తే, చెప్పులు విప్పుతుండగానే అమ్మ అడుగుతుంది: "భోజనం చేశారా?" ఆయన ఎప్పుడు తిన్నాడన్నది ఆమెకి అక్కర్లేదు. ఇప్పుడు కంచం పెట్టాలా వద్దా అన్నదే కావాలి. ఆ ప్రశ్న ఇప్పటి గురించే. అది "హావ్ యు ఈటెన్?" అదే అమ్మ ఆ సాయంత్రం, "నిన్న పెళ్ళిలో భోజనం చేశారా?" అంటే అది అయిపోయిన నిన్న గురించి. అది "డిడ్ యు ఈట్ ఎట్ ది వెడ్డింగ్ ఎస్టర్‌డే?"

కాబట్టి వాక్యంలో నిన్న, పోయిన వారం, 2019లో, పొద్దున పదింటికి అని గడిచిన సమయం పేరు చెప్పారంటే "హావ్" తీసెయ్యండి. ఇంకా, ఇప్పటికే, ఇప్పటిదాకా, ఎప్పుడైనా లాంటి మాట వాక్యంలో ఉన్నా, మనసులో ఉన్నా "హావ్" పెట్టండి. మీ రెండో వాక్యంలో "ఎస్టర్‌డే" ఉంది, కాబట్టి "ఐ చెక్డ్". పంపలేదన్న చోట "ఇంకా" ఉంది, కాబట్టి "హి హాజ్ నాట్ సెంట్ ఇట్ యెట్". అమెరికాలో ఉన్న మనవాళ్ళు అక్కడ "డిడ్ యు ఈట్ యెట్?" అని వింటుంటారు. అక్కడి మాటల్లో అది మామూలే. రాతలో మాత్రం పైన చెప్పినట్టే వెళ్ళండి.

"హాడ్" గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మీ తరవాతి మెయిల్‌లో అది రావచ్చు. "లాస్ట్ వీక్ ఐ హాడ్ గాన్ టు తిరుపతి" అని మనవాళ్ళు చాలామంది అంటారు, "హాడ్" పెడితే బాగా గడిచిపోయినట్టు ఉంటుందని. గడిచిపోయింది ఒక్కటే సంగతి అయితే "ఐ వెంట్" చాలు. గడిచినవి రెండు ఉండి, వాటిలో ముందు జరిగింది ఏదో చూపించాలంటేనే "హాడ్": "నేను స్టేషన్‌కి వెళ్ళేసరికే రైలు వెళ్ళిపోయింది", "బై ది టైమ్ ఐ రీచ్డ్ ది స్టేషన్, ది ట్రైన్ హాడ్ లెఫ్ట్".

మీ మొదటి వాక్యంలో అసలు తెలుగు "మూడేళ్ళ నుంచి పనిచేస్తున్నాను". "పనిచేస్తున్నాను" కాబట్టి "యామ్ వర్కింగ్", "నుంచి" కాబట్టి "సిన్స్". మీ లెక్క తెలుగు లెక్కగా సరిగ్గానే ఉంది. కానీ ఇంగ్లీషులో పని మొదలైన నాటి నుంచి ఇప్పటిదాకా సాగుతుంటే "హావ్ బీన్ వర్కింగ్" కావాలి. మన "నుంచి" మొదలైన రోజుకీ, పట్టిన కాలానికీ రెండింటికీ సరిపోతుంది: 2021 నుంచి, మూడేళ్ళ నుంచి. వాళ్ళు విడదీస్తారు: "సిన్స్ 2021", "ఫర్ త్రీ ఇయర్స్". "నుంచి" బదులు తెలుగులో "మూడేళ్ళుగా" అని కూడా అనగలిగితే అక్కడ "ఫర్". "2021గా" అనలేం, కాబట్టి అక్కడ "సిన్స్".

"నాకు ఇద్దరు పిల్లలు ఉన్నారు" అన్నదాన్ని "ఐ యామ్ హావింగ్ టూ చిల్డ్రన్" అనకండి. ఉండటం, తెలియడం, కావాలనుకోవడం, నమ్మడం లాంటివి పని కాదు, స్థితి. వాటికి "ఇంగ్" రాదు: "ఐ హావ్", "ఐ నో", "ఐ వాంట్". భోజనం చేయడం పని కాబట్టి "ఐ యామ్ హావింగ్ లంచ్" తప్పు కాదు. ఇంకొకటి: "రోజూ ఆరింటికి లేస్తాను", "రేపు ఆరింటికి లేస్తాను" రెంటికీ మనకి ఒకే "లేస్తాను". అందువల్ల "డైలీ ఐ విల్ గెటప్ ఎట్ సిక్స్" అనేస్తాం. రోజూ జరిగేదానికి "విల్" వద్దు, "ఐ గెటప్" అనండి. రేపటికే "విల్".

మిగిలినవి "హి విల్ సెండ్" అని మీరు రెండుసార్లు రాసినవి. మొదటిది "పంపుతానని చెప్పారు". మన "అని" అవతలి మనిషి అన్న మాటని అన్నట్టే అట్టే పెడుతుంది. ఆయన "పంపుతాను" అన్నారు, మనం "పంపుతానని" అన్నాం. ఇంగ్లీషులో "టోల్డ్" అనగానే వెనకాల క్రియ కూడా ఒక మెట్టు వెనక్కి దిగుతుంది: "హి టోల్డ్ మి దట్ హి వుడ్ సెండ్ ఇట్". విల్ దిగి వుడ్, క్యాన్ దిగి కుడ్, ఈజ్ దిగి వాజ్ అవుతాయి. ఆయన ఎప్పుడో ఒకప్పుడు చెప్పారు, మీరు దాన్ని కథగా చెబుతున్నారు, కాబట్టి "హాజ్ టోల్డ్" కంటే "టోల్డ్" నయం. అప్పుడు "హావా, హాజా" అన్న గొడవ కూడా పోతుంది.

రెండోది "ఆయన పంపగానే మీకు చెబుతాను". "పంపగానే"లో భవిష్యత్తు ఉందా? లేదు. "వాన వస్తే రాను"లో "వస్తే" కూడా అంతే. రాబోయే కాలం మొత్తాన్ని చివరి క్రియ ఒక్కటే మోస్తుంది. ఇంగ్లీషూ మనలాగే చేస్తుంది. "వెన్", "ఇఫ్", "యాజ్ సూన్ యాజ్", "అన్‌టిల్" వెంట కాలాన్ని చెప్పే ముక్కలో "విల్" పెట్టకండి. "యాజ్ సూన్ యాజ్ హి సెండ్స్ ఇట్, ఐ విల్ అప్‌డేట్ యు." "సెండ్స్"లో "ఎస్" మర్చిపోకండి.

ఇక పన్నెండు టెన్సుల పట్టికని కొన్నాళ్ళు పక్కన పెట్టండి. ఆఫీసు మెయిల్‌కి సింపుల్ ప్రెజెంట్, సింపుల్ పాస్ట్, "హావ్" ఉన్నది, "ఇంగ్" ఉన్నది, "విల్" బాగా వస్తే చాలావరకు గడిచిపోతుంది. మెయిల్ రాశాక వెంటనే పంపకండి. ఒకసారి కర్తలు మాత్రమే చూస్తూ చదవండి, ప్రతి కర్త కిందా గీత గీసి దాని క్రియ ఏదో వేలితో చూపించండి. మళ్ళీ ఒకసారి ఎప్పుడు జరిగిందో చెప్పే మాటలు మాత్రమే వెతకండి. రెండూ ఒకేసారి చూస్తే రెండూ తప్పిపోతాయి. ఈ పని పెదవులు కదుపుతూ చెయ్యండి, కళ్ళు దాటేసినవి చెవికి దొరుకుతాయి. నా దగ్గర నెల రోజులు ఇలా చేసినవాళ్ళు ఆ తరవాత గీతలు గియ్యడం మానేశారు, అవసరం తీరిపోయింది.

మీ మెయిల్ ఇప్పుడు ఇలా ఉంటుంది:

"ఐ హావ్ బీన్ వర్కింగ్ ఇన్ దిస్ బ్రాంచ్ ఫర్ త్రీ ఇయర్స్. ఎస్టర్‌డే ఐ చెక్డ్ ది బిల్స్. ది లిస్ట్ ఆఫ్ పెండింగ్ బిల్స్ ఈజ్ విత్ ది అకౌంట్స్ సెక్షన్. ది అకౌంట్స్ మేనేజర్ టోల్డ్ మి దట్ హి వుడ్ సెండ్ ఇట్, బట్ హి హాజ్ నాట్ సెంట్ ఇట్ యెట్. యాజ్ సూన్ యాజ్ హి సెండ్స్ ఇట్, ఐ విల్ అప్‌డేట్ యు. ఐ నీడ్ టూ మోర్ డేస్."

చివరి వాక్యం మీరు రాసినట్టే ఉంచాను. అందులో కూడా ఏదో తప్పు ఉండే ఉంటుందని ప్రశ్నలో రాశారు. లేదండీ. "ఐ యామ్ నీడింగ్" అని రాయకుండా "ఐ నీడ్" అని మీ అంతట మీరే సరిగ్గా రాశారు.